కంప్యూటరు కబుర్లు: తెరుచుకోని ఫైళ్ళు



గత సంచిక తరువాత నాకు వచ్చిన ఉత్తరాలు ఒకచోట పెట్టి చూస్తే, సగానికి పైగా ఒకే ప్రశ్నను రకరకాలుగా అడిగినవే. "మా అమ్మాయి ఫోనులోంచి పంపిన ఫోటో నా కంప్యూటరులో తెరుచుకోవడం లేదు." "మా పెళ్ళి వీడియో సీడీ ఆడటం లేదు." "ఇండియా నుంచి నాన్న పంపిన ఆధార్ కాగితం పాస్‌వర్డు అడుగుతోంది." "ఎప్పుడో టైపు చేసిన తెలుగంతా పిచ్చి గీతలుగా కనిపిస్తోంది." అందుకని ఈసారి శీర్షికంతా తెరుచుకోని ఫైళ్ళకే కేటాయిస్తున్నాను.

ముందుగా ఒక ధైర్యం చెబుతాను. ఫైలు తెరుచుకోనంత మాత్రాన అది పాడైపోయినట్టు కాదు. నా దగ్గరకు వచ్చినవాటిలో చాలా భాగం నిక్షేపంగా ఉన్నవే. గది బాగానే ఉంటుంది, తాళమూ బాగానే ఉంటుంది, మన చేతిలో ఉన్న తాళంచెవి వేరే గదిది అయి ఉంటుంది. అది తెలియక తలుపు విరగ్గొట్టబోతేనే చిక్కు వస్తుంది. కాబట్టి ఆదరాబాదరాగా ఏదీ నొక్కకుండా, కింద చెప్పిన వరుసలో వెళ్ళండి.

మొదట కాపీ, తరువాతే వైద్యం

ఏ ఫైలుకైనా వైద్యం మొదలుపెట్టే ముందు దాని కాపీ ఒకటి తీసి వేరే ఫోల్డరులో పెట్టుకోండి. ప్రయోగాలన్నీ కాపీ మీదే చెయ్యండి. అసలుది దేవుడి గదిలో విగ్రహంలా కదలకుండా ఉండాలి.

రెండు చోట్ల మరీ జాగ్రత్త. పాత పెన్ డ్రైవో, కెమెరా కార్డో పెట్టగానే "దీన్ని ఫార్మాట్ చెయ్యమంటారా?" అని విండోస్ అడిగితే, వద్దనండి. ఔనంటే, లోపలున్నవాటి పట్టిక చెరిగిపోయి రాబట్టడం ఇంకా కష్టమవుతుంది. అలాంటి కార్డుల నుంచి ఫోటోలు రాబట్టడానికి ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది ఫైళ్ళ పట్టికను నమ్ముకోకుండా, కార్డంతా గాలించి ఫోటోల ఆనవాళ్ళు పట్టి బయటికి తీస్తుంది. తీసినవాటిని అదే కార్డు మీద కాకుండా వేరే చోట దాచాలి.

రెండోది, ఫైలు తెరిచినప్పుడు అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే 'సేవ్' నొక్కకండి. ఎందుకో తెలుగు ఫైళ్ళ దగ్గర చెబుతాను.

బరువు చూడండి

ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' చూస్తే ఎన్ని బైట్లో కనిపిస్తుంది. సున్నా అని ఉంటే అందులో ఏమీ లేదు, పంపినవారినే మళ్ళీ పంపమనాలి. పంపినవారి దగ్గర 8 ఎంబీ ఉన్నది మన దగ్గర 3 ఎంబీయే ఉంటే, దారిలో తెగిపోయిందన్నమాట. దానికి ఏ మందూ లేదు, మళ్ళీ తెప్పించుకోవడమే.

పాటల ఫైలు ఒకటో రెండో కేబీలు మాత్రమే ఉంటే అది పాట కాకపోవచ్చు. ఒక పెద్దాయన తన పాత పాటల సేకరణ మొత్తం సీడీ మీద నా దగ్గరకు తెచ్చారు. అన్నీ 'ర్యామ్' ఫైళ్ళే. రియల్ ఆడియో రోజుల్లో ర్యామ్ ఫైలులో ఉండేది పాట చిరునామా ఒక్కటే. పాట ఎక్కడో సర్వరులో ఉండేది. ఇల్లు కూల్చేశాక చిరునామా చీటీ మిగిలినట్టు, అవన్నీ చీటీలే. అలాగే డెస్క్‌టాప్ మీది 'షార్ట్‌కట్' బొమ్మను పెన్ డ్రైవులోకి కాపీ చేసి, ఫైలు ఇండియాకి తీసుకెళ్ళామనుకునేవారూ ఉన్నారు. షార్ట్‌కట్ కూడా చిరునామానే. బయలుదేరే ముందు ఆ పెన్ డ్రైవును మరో కంప్యూటరులో పెట్టి తెరిచి చూసుకుంటే ఈ బాధ ఉండదు.

ఇంటిపేరు చూడండి

మన ఇంటిపేరు ముందొస్తుంది. ఫైలు ఇంటిపేరు మాత్రం అమెరికా పద్ధతిలో చివర, చుక్క తరువాత వస్తుంది. ఏ ప్రోగ్రాముతో తెరవాలో కంప్యూటరు ఆ ఇంటిపేరును బట్టే నిర్ణయించుకుంటుంది. విండోస్ మామూలుగా దాన్ని దాచి పెడుతుంది. ఫోల్డరు పైన 'వ్యూ' మెనూలోకి వెళ్ళి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అన్నదానికి టిక్కు పెడితే కనిపిస్తుంది.

మన ఇళ్ళలో తరచు తగిలే ఇంటిపేర్లు ఇవి.

హెచ్‌ఈఐసీ: 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోను ఫోటోలు ఈ రూపంలో దాస్తోంది. స్థలం తక్కువ పడుతుంది కానీ పాత కంప్యూటర్లు గుర్తుపట్టవు. ఫోను సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ దగ్గర 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే ఇక ముందు తీసేవి మామూలు జేపెగ్‌లుగా వస్తాయి.

డాక్స్: ఆఫీస్ 2007తో వచ్చిన వర్డ్ రూపం. అంతకు ముందుది డాక్. తెరవనని మొరాయిస్తే, వర్డ్‌లోనే 'ఓపెన్' బటను పక్కనున్న చిన్న బాణం నొక్కి 'ఓపెన్ అండ్ రిపేర్' ప్రయత్నించండి.

డబ్ల్యూపీఎస్: ఒకప్పుడు కొత్త కంప్యూటర్లతో పాటు వచ్చిన మైక్రోసాఫ్ట్ వర్క్స్ ఫైలు. లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు దీన్ని తెరుస్తుంది. ఇప్పటి వర్డ్ అడ్డుకునే మరీ పాత డాక్ ఫైళ్ళనూ చాలా వరకు తెరుస్తుంది.

డాట్: ఇదొక చిత్రమైన ఇంటిపేరు, ఎవరైనా పెట్టుకోవచ్చు. ఈమెయిలుతో 'విన్‌మెయిల్ డాట్' అని వస్తే అది అవుట్‌లుక్ కట్టిన మూట. అటాచ్‌మెంటును మామూలు పద్ధతిలో మళ్ళీ పంపమనండి. వీడియో సీడీలో ఉంటే మాత్రం అది మీ పెళ్ళే! సీడీలో 'ఎంపెగ్‌ఏవీ' అనే ఫోల్డరు తెరిస్తే పెద్ద డాట్ ఫైళ్ళు కనిపిస్తాయి. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు వాటిని ఆడిస్తుంది. మధ్యలో ఆగిపోతుంటే సీడీని మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా రుద్దవద్దు. అప్పటికీ మొండికేస్తే మరో కంప్యూటరు డ్రైవులో పెట్టి చూడండి. ఒక డ్రైవు చదవలేని సీడీని మరొకటి చదవడం నేను చాలాసార్లు చూశాను.

ఒక హెచ్చరిక. ఇంటిపేరు మార్చినంత మాత్రాన మనిషి మారడు. హెచ్‌ఈఐసీ ఫోటో పేరు చివర జేపెగ్ అని రాస్తే అది జేపెగ్ అయిపోదు. రూపం మార్చాలంటే ఏదైనా ప్రోగ్రాములో తెరిచి 'సేవ్ యాజ్' చెయ్యాలి.

పాస్‌వర్డు అడిగే కాగితాలు

ఇండియా నుంచి వచ్చే ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డు ఎనిమిది అక్షరాలు. ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. ఉమా రాణి, 1952 అనుకోండి. యు, ఎం, ఏ, ఆర్, ఆపైన 1952. మధ్యలో ఖాళీ లెక్కలోకి రాదు. మనవాళ్ళకి చిక్కొచ్చేది ఇంటిపేరు పొడి అక్షరం దగ్గర. ఆధార్‌లో పొడి అక్షరం, దాని పక్కన చుక్క ఉంటే, ఆ చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క. పేరు మనం రాసుకునే తీరులో కాకుండా కార్డు మీద ఎలా ఉందో అలాగే తీసుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లకైతే పాస్‌వర్డు ఎలా కట్టాలో సాధారణంగా ఆ ఈమెయిలులోనే రాసి ఉంటుంది, కింద దాకా చదవండి.

తెలుగు గజిబిజి: నాలుగు రకాలు

ఇక అసలు విషయానికి వద్దాం. మన భాషకే ప్రత్యేకమైన రోగం ఇది.

ఇంగ్లీషు ఫైలు ఎంత పాతదైనా అక్షరాలు కనబడతాయి. తెలుగుకు ఆ అదృష్టం ఆలస్యంగా పట్టింది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటు ఇచ్చినా, మామూలు ఇళ్ళ కంప్యూటర్లకు అది అందింది 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో పాటు గౌతమి ఫాంటు వచ్చాకే. దేశికాచార్యులు గారి పోతన2000, వేమన2000 ఫాంట్లు కూడా ఆ తొలినాళ్ళలో ఎందరికో ఉపయోగపడ్డాయి. అంతకు ముందూ, ఆ తరువాత చాలా ఏళ్ళూ మనవాళ్ళు వాడిన ఉపాయం వేరు. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గడిలో తెలుగు అక్షరం బొమ్మ గీసేవారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. కంప్యూటరు తను ఇంగ్లీషు దాస్తున్నాననుకునేది, మనకు తెలుగు కనబడేది. ఏ గడిలో ఏ బొమ్మ పెట్టాలో ఒక్కో సంస్థది ఒక్కో వరుస. అను ఫాంటుతో కొట్టింది శ్రీలిపిలో తెరిస్తే అర్థం కాదు. ఫాంటే లేని కంప్యూటరులో తెరిస్తే మిగిలేది ఇంగ్లీషు గజిబిజి.

కాబట్టి తెర మీద ఏం కనిపిస్తోందో ముందు పరీక్షగా చూడండి.

ఒకటి, చిన్న చిన్న ఖాళీ పెట్టెలు వరసగా కనిపిస్తే, అది చాలా వరకు యూనికోడ్ తెలుగే. ఆ కంప్యూటరులో తెలుగు ఫాంటు లేదు. ఫాంటు వేస్తే సరి.

రెండు, తలమీద గీత ఉన్న చిన్న 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తో కూడిక తీసివేత కలిసిన గుర్తో, ఇవే పదే పదే కనిపిస్తే అది కూడా యూనికోడే. కంప్యూటరు దాన్ని ఇంగ్లీషు అనుకొని చదువుతోంది. నోట్‌ప్యాడ్‌లో 'ఓపెన్' కొట్టి, కింద 'ఎన్‌కోడింగ్' దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు ప్రత్యక్షమవుతుంది.

మూడు, ఇంగ్లీషు అక్షరాలు, యూరప్ భాషల గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే అది పాత ఫాంటు తెలుగు. విషయం మొత్తం లోపల భద్రంగా ఉంది. ఆ ఫాంటు దొరకాలి.

నాలుగు, వరసగా ప్రశ్నార్థకాలు. ఇదొక్కటే చెడ్డ కబురు. తెలుగును దాచలేని రూపంలో ఎవరో 'సేవ్' చేశారన్నమాట. ప్రతి అక్షరం స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం రాసేసి ఉంటుంది. దాన్నుంచి వెనక్కు రాలేము, పాత కాపీ వెతుక్కోవాలి. సేవ్ నొక్కవద్దని ముందే మొత్తుకున్నది ఇందుకే.

ఐదోది ఒకటుంది కానీ అది రోగం కాదు. ఫైలంతా ఇంగ్లీషు అక్షరాలే ఉండి, పైకి చదివితే తెలుగు వినిపిస్తే అది ఆర్‌టీఎస్. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో మన తెలుగు విద్యార్థులు రూపొందించిన పద్ధతి. దాన్ని లేఖినిలో అతికిస్తే తెలుగు లిపిలోకి మారిపోతుంది.

మాస్టారి తొంభై పేజీలు

మూడో రకానికి ఈ మధ్య చూసిన ఉదాహరణ చెబుతాను. మన సంఘ సభ్యురాలు ఒకావిడ ఫోను చేసి, ఒక వర్డ్ ఫైలు పంపారు. వాళ్ళ నాన్నగారు తెనాలి దగ్గర మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2004లో అమెరికా వచ్చి ఆర్నెల్లు ఉన్నప్పుడు, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరని, వాళ్ళ వంశం కథా తన చిన్నతనమూ కంప్యూటరులో కొట్టి పెట్టారు. తొంభై పేజీలు. ఆయన కిందటేడు పోయారు. సంవత్సరీకానికి పిల్లలకు చదివి వినిపిద్దామని తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు.

"అన్నయ్యగారూ, ఇది పోయినట్టేనా? ఆయన చేత్తో రాసినవేవీ మా దగ్గర లేవు" అన్నారావిడ.

పోలేదు. ఆ గజిబిజి మీద క్లిక్ చేసి, పైన ఫాంటు పేరు కనిపించే గడి చూడమన్నాను. ఫాంటు కంప్యూటరులో లేకపోయినా, ఫైలు కోరుకుంటున్న ఫాంటు పేరును వర్డ్ అక్కడ చూపిస్తుంది. పేరు తెలిసింది. కొత్త ల్యాప్‌టాప్‌లో లేదు. పాత డెస్క్‌టాప్ ఏమైందని అడిగితే, గరాజ్‌లో క్రిస్మస్ దీపాల పెట్టె వెనక ఉందన్నారు. పారెయ్యడానికి వాళ్ళాయన రెండుసార్లు బయటికి తెచ్చి మళ్ళీ లోపల పెట్టారట. అది పుణ్యం. దాన్ని వెలిగించి, విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్‌లోకి వెళితే ఆ ఫాంటు ఫైలు ఉంది. పెన్ డ్రైవులో తెచ్చి ల్యాప్‌టాప్‌లో వేశాం. వర్డ్ మూసి మళ్ళీ తెరిచేసరికి మొదటి పేజీ పైన "చి. మనుమలకు" అని కనిపించింది. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. వెంటనే దాన్ని ఫాంటుతో సహా పీడీఎఫ్‌గా దాచాం. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది కనుక ఎక్కడైనా అలాగే కనబడుతుంది. కానీ అందులో మాట వెతకలేం, అందులోంచి కాపీ చేస్తే మళ్ళీ గజిబిజే. అందుకని రెండో మెట్టుగా యూనికోడ్‌లోకి మార్చాం. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. (ఈనాడు, వార్త వంటి పత్రికల పాత పేజీలను యూనికోడ్‌గా చూపిన 'పద్మ' కొందరికి గుర్తుండవచ్చు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను ఆపేయడంతో అది ఆ బ్రౌజరులో పనిచెయ్యడం మానేసింది.) యంత్రం మార్చినదాంట్లో ఒత్తులు, వట్రసుడులు అక్కడక్కడ తప్పుతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకొని మనిషి సరిచూడాల్సిందే.

ఆ సరిచూసే పని పిల్లలకు అప్పగించమన్నాను. పెద్దవాడికి మన బడిలో గుణింతాల వరకు వచ్చు, చిన్నదానికి అక్షరాలు మాత్రమే. వాడు పీడీఎఫ్ చదువుతుంటే, వాళ్ళమ్మ యూనికోడ్ ప్రతి దిద్దుతోంది. రోజుకు రెండు పేజీలు. మధ్యలో "గాదె అంటే ఏమిటి? బొడ్రాయి అంటే ఏమిటి?" అని వాడు అడగడం, ఈవిడ చెప్పడం. సంవత్సరీకం నాటికి నలభై పేజీలు అయ్యాయి. మిగతావి సాగుతున్నాయి.

మీ ఇంట్లో గానీ, మన సంఘం పాత సావనీర్ల పెట్టెల్లో గానీ పేజ్‌మేకర్ ఫైళ్ళు ఉంటే వాటిదీ ఇదే దారి. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా ఆ ఫైళ్ళను తెరిచేది, 2013 తరువాతి సీసీ రూపాలు తెరవవు. లిబ్రే ఆఫీస్ తెరుస్తుంది కానీ పేజీ అమరిక కాస్త చెదరవచ్చు. తెలుగు కనబడాలంటే ఇక్కడా ఆ పాత ఫాంటే కావాలి. అందుకే పాత కంప్యూటరు పారేసే ముందు అందులోని ఫాంట్స్ ఫోల్డరును కాపీ చేసి పెట్టుకోండి.

పిల్లల మూల: ఫైలు గుట్టు కనిపెట్టండి

పిల్లలూ, ఫైలు తన ఇంటిపేరు దాచుకున్నా, మార్చుకున్నా, లోపల మొదటి అక్షరాలు దాని గుట్టు చెప్పేస్తాయి. ఒక ఫైలు కాపీ తీసి, నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా గజిబిజిగా ఉంటుంది, భయపడకండి. మొట్టమొదటి అక్షరాలు మాత్రం చూడండి. శాతం గుర్తు, దాని పక్కన పి, డి, ఎఫ్ ఉంటే అది పీడీఎఫ్. మొదట ఒక వింత గుర్తు ఉండి, ఆపైన పి, ఎన్, జి ఉంటే బొమ్మ. జి, ఐ, ఎఫ్ ఉంటే కదిలే బొమ్మ కావచ్చు. పి, కె ఉంటే అది జిప్ మూట. 1989లో జిప్‌ను తయారుచేసిన ఫిల్ కాట్జ్ తన పేరులోని పొడి అక్షరాలు అందులో పెట్టాడు. చూశాక సేవ్ చెయ్యకుండా మూసెయ్యండి.

ఇప్పుడు అసలు గమ్మత్తు. బొమ్మలున్న డాక్స్ ఫైలు ఒకటి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. పి, కె! అంటే డాక్స్ కూడా జిప్ మూటే. కాపీ పేరు చివర డాక్స్ తీసేసి జిప్ అని రాసి తెరవండి. లోపల 'వర్డ్' ఫోల్డరు, అందులో 'మీడియా' ఫోల్డరు, దాంట్లో బొమ్మలన్నీ ఉంటాయి. పాడైన డాక్స్ తెరుచుకోకపోయినా, ఈ దారిన ఫోటోలు బయటికి తీసుకోవచ్చు. అమ్మానాన్నలకు చేసి చూపించండి.

తెరవకూడని ఫైళ్ళు

తెరుచుకోనివాటి కోసం తంటాలు పడుతూ, తెరవకూడనివి తెరిచేవాళ్ళం కాకూడదు. 2000 మేలో ప్రపంచమంతా గడగడలాడించిన 'ఐ లవ్ యూ' వైరస్ ప్రేమలేఖ వేషంలో, రెండు ఇంటిపేర్లతో వచ్చింది. ముందున్న టెక్స్ట్ అన్నది వేషం, చివరనున్న వీబీఎస్ అసలు పేరు. 2024లో ఇండియాలో పోలీసులు హెచ్చరించింది పెళ్ళి శుభలేఖ మోసం గురించి. వాట్సాప్‌లో శుభలేఖ అని వచ్చే ఫైలు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, ఫోనులో చొరబడే ప్రోగ్రాము. బొమ్మా కాని, పీడీఎఫ్పూ కాని శుభలేఖను ముట్టుకోకండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు ఈ ఆదివారం ఫోనులో ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి.

వచ్చే సంచిక లోపల

తెరుచుకున్నదాన్ని రేపూ తెరుచుకునేలా ఉంచడం మన చేతిలో ఉంది. తెలుగు రాతలు యూనికోడ్‌లో ఒక ప్రతి, పీడీఎఫ్‌గా ఒక ప్రతి. ఫోటోలు జేపెగ్‌లో, వీడియోలు ఎంపీ4లో. రెండు కాపీలు, రెండు ఇళ్ళలో. వీలైతే ఒకటి ఇండియాలో. సీడీల మీద, డ్రైవుల మీద లోపల ఏముందో తెలుగులో ఒక చీటీ అంటించండి.

ఈ సెలవుల్లో గరాజ్‌లోంచి, అటక మీంచి ఒక్క పాత సీడీయో, హార్డ్ డిస్కో దించి చూడండి. తాతగార్లు, అమ్మమ్మలు టైపు చేసినవి ఏవైనా ఉంటే, వాళ్ళు ఉండగానే తెరిచి చూపించండి. తెలియని మాటలకు అర్థం చెప్పడానికి వాళ్ళను మించినవారు లేరు. తెరుచుకోకపోతే తెర మీద ఏం కనిపిస్తోందో, పైన చెప్పిన నాలుగింటిలో ఏ రకమో రాసి పంపండి. వచ్చే సంచికలో అవే చూద్దాం.

సెలవు.